మిగిలిన పీలిక

పెద్ద మేడంకి ఒక అలవాటుంది. లెక్చర్ అయిపోయాక ఎవరో ఒకరు ఒక్క ప్రశ్నయినా అడిగేదాకా ఆవిడ బోర్డు తుడవదు. డస్టర్ చేత్తో పట్టుకుని, బల్లకు ఆనుకుని, అలా నిలబడే ఉంటుంది. భోజనాల వేళ దాటిపోనీ, తర్వాతి క్లాసువాళ్లు వచ్చి తలుపు దగ్గర పడిగాపులు కాయనీ, ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. రెండు వారాల లెక్కల సమ్మర్ స్కూల్లో మొదటిరోజే ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది. వచ్చిన అరవైమంది పరిశోధక విద్యార్థుల్లో ముందు వరసలో కూర్చునే నలుగురైదుగురు ఆ బరువు నెత్తిన వేసుకున్నారు. వాళ్ల పుణ్యమా అని మిగిలినవాళ్లు వేళకు భోంచేస్తున్నారు.

ఆ మిగిలినవాళ్లలో లెక్కలపిల్ల ఒకతి. ఇరవై అయిదేళ్లు నిండిన మనిషిని పిల్ల అనడం అన్యాయమే. కానీ వాళ్లక్క దర్జీ దుకాణానికి వచ్చే ఆడవాళ్లు పెట్టిన పేరది, పీహెచ్‌డీలో చేరి మూడేళ్లయినా వదల్లేదు. వెనకనుంచి రెండో వరసలో, గోడపక్క కుర్చీ ఆమెది. వచ్చి తొమ్మిది రోజులైనా నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అడగడానికి లేక కాదు. ఏడాది కిందట తమ యూనివర్సిటీ సెమినార్‌లో ఒకటి అడిగితే, ఇలాంటివి డిగ్రీ పిల్లలు అడుగుతారు అని వాళ్ల గైడు అందరిముందూ నవ్వాడు. మిగతావాళ్లు కూడా నవ్వారు. అప్పటినుంచీ క్లాసులో ఆమె నోటికి తాళం పడింది.

ఆమె సంచీలో, పుస్తకాల అడుగున, ఒక ఉత్తరం ఉంది. చదువు మానేస్తున్నానని గైడుకు రాసిపెట్టుకున్నది. సంతకం కూడా చేసేసింది, తేదీ ఒక్కటే వేయలేదు. ఊళ్లో కోచింగ్ సెంటర్ వాళ్లు లెక్కల టీచరుగా రమ్మన్నారు, వస్తావో రావో శుక్రవారం సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఉత్తరం పోస్టు చేసేముందు లెక్కల్ని ఒకసారి ఆఖరి చూపు చూసుకుని వద్దామని ఈ సమ్మర్ స్కూల్‌కి వచ్చింది. బయలుదేరేటప్పుడు బావ బస్సుదాకా సంచీ మోస్తూ, బడి ఎగ్గొట్టేవాళ్లని చూశాను గానీ సెలవుల్లో బడికి పరిగెత్తేదాన్ని నిన్నే చూశాను అని నవ్వించాడు. ఆయనకు ఉత్తరం సంగతి తెలియదు. అక్కకు తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు.

ఇక్కడ రోజూ ఒకరు లెక్చర్ నోట్సు రాయాలి. సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేసి తీస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లు ఆ రోజు పాఠమంతా చేత్తో శుభ్రంగా రాసి సాయంత్రానికి ట్యూటర్‌కి ఇవ్వాలి. అతను టైపు చేసి, మర్నాడు పొద్దున్నే నోటీసు బోర్డుకు అంటించి, అందరికీ పంపుతాడు. ట్యూటర్ పెద్ద మేడం దగ్గరే పీహెచ్‌డీ చేసినవాడు, ముప్ఫయ్యేళ్లుంటాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. మనిషి చెడ్డవాడేమీ కాదు, కానీ ఎవరైనా సందేహంతో వెళితే చేతి గడియారం చూసుకుంటాడు. బుధవారం లెక్కలపిల్ల చీటీ వచ్చింది.

ఆ రోజు పాఠం భవనాల గురించి. చదరపు గదులున్న పెద్ద భవనం. పక్కపక్క గదులకు మధ్య తలుపులు. ఒక గదిలో బయలుదేరి, ప్రతి గదిలోకీ సరిగ్గా ఒక్కసారే వెళ్లి, మళ్లీ బయలుదేరిన గదికి చేరుకోవాలి. గదులు బేసిసంఖ్యలో ఉంటే అది కుదరదని మేడం గళ్లకు నలుపూ తెలుపూ వేసి రెండు నిమిషాల్లో తేల్చేసింది. సరిసంఖ్యలో ఉంటే మాత్రం, ఏ దీర్ఘచతురస్రాన్నయినా చుట్టి రావచ్చని బోర్డు మీద రాసి చుట్టూ గడి కట్టింది. ఆ తర్వాత అసలు సిద్ధాంతం. అంచులు మెట్లుమెట్లుగా ఉన్న ఎంత పెద్ద భవనమైనా సరే, దాన్ని నాలుగేసి వరసల చొప్పున దీర్ఘచతురస్రాలుగా కోసుకుంటూ పోవాలి. ఒక్కో ముక్కనూ విడిగా చుట్టి వచ్చి, ముక్కల మధ్య దారులు కలిపేస్తే మొత్తం భవనాన్ని చుట్టినట్టే. వినడానికి ఎంత బాగుందో లెక్కలపిల్లకు ఒళ్లు పులకరించింది. మానేద్దామనుకున్న చదువు ఇంత అందంగా కనబడటం ఏం ఖర్మో అనుకుంది.

సాయంత్రం హాస్టల్ గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని నోట్సు మొదలుపెట్టింది. మేడం బోర్డు మీద ఎనిమిది వరసల భవనం గీసింది. అదే గీస్తే ఎలా అని లెక్కలపిల్ల తొమ్మిది వరసలది గీసింది. నాలుగు వరసలకు ఒక గీత, ఇంకో నాలుగుకు ఇంకో గీత. చివర ఒకే ఒక్క వరస మిగిలింది. ఆరు గదుల పొడవు, ఒక గది వెడల్పు.

అక్క దుకాణంలో పెరిగిన మనిషి కదా, చెయ్యి అక్కడే ఆగిపోయింది. బట్ట పన్నా కొలిచి సుద్దతో గీతలు పెట్టేటప్పుడు అక్క కళ్లు ముందు రెండో అంచుకు వెళ్తాయి. చివర ఏం మిగులుతుందో చూడకుండా కత్తెర పెట్టకే, పీలిక మిగిలితే అది ఎందుకూ పనికిరాదు, అని చిన్నప్పటినుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. లెక్కలపిల్ల ఆ ఆరు గదుల పీలికలో పెన్సిల్ పెట్టి బయలుదేరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరో గదినుంచి వెనక్కి రావాలంటే వచ్చిన గదుల్లోంచే రావాలి. ఆరు సరిసంఖ్యే. అయినా చుట్టి రావడం కుదరదు.

ముందుగా వచ్చిన ఆలోచన, తనే తప్పు రాసుకుందని. పక్క మంచం అమ్మాయి నోట్సు అడిగి చూసింది. అందులోనూ అంతే, ఏ దీర్ఘచతురస్రమైనా అనే ఉంది. అంత పెద్దావిడ ఇంత చిన్నది చూడకుండా ఉంటుందా, ఇందులో నాకు తెలియని మెలిక ఏదో ఉండే ఉంటుంది అని మూడుసార్లు అనుకుంది. మూడుసార్లూ పెన్సిల్ ఆరో గదిలోనే ఆగింది. చివరికి నోట్సంతా పూర్తిచేసి, ఆఖరి పేజీ అడుగున, పీలిక బొమ్మ గీసి ఒక్క వాక్యం రాసింది: కోసేటప్పుడు ఒకే వరస మిగిలితే ఏం చెయ్యాలి?

ట్యూటర్ గదిలో అతను కాగితాలు తిరగేస్తూ చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడు. ఆఖరి పేజీ దగ్గర చెయ్యి ఆగింది. చాలాసేపే ఆగింది. తర్వాత గడియారం చూసుకున్నాడు.

"ఇది అందరికీ తెలిసిందేనండీ. వెడల్పు కనీసం రెండు ఉంటుందని అనుకోవాలి."

"భవనానికి అనుకోవచ్చు సార్. కానీ మనం కోశాక మిగిలే ముక్కకి ఎలా అనుకుంటాం?"

ఇంత మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అతని మొహం మాత్రం మాడిపోయింది. నోట్సు రాయడమంటే బోర్డు మీదున్నది రాయడం, అంతకు మించి సొంత కవిత్వం అక్కర్లేదని మెల్లగానే చెప్పి, కాగితాలు సొరుగులో పెట్టేసుకున్నాడు. గురువారం పొద్దున నోటీసు బోర్డు మీద నోట్సు వచ్చింది. రాసినవారి పేరుగా ఆమె పేరుంది. పేజీ అడుగున పీలిక లేదు, వాక్యమూ లేదు. ఎవరూ చూడకపోయినా ఆమెకు తల కొట్టేసినట్టయింది. గదికి పోయి సంచీలోంచి ఉత్తరం తీసి, తేదీ వేయబోయి, పెన్ను మూత పెట్టేసింది. ఇంకా ఒక రోజు గడువుంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

కిందటి సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. అవతల కుట్టుమిషన్ టకటకా నడుస్తూనే ఉంది. అక్క ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కుడుతూనే మాట్లాడుతుంది, ఎంత పెద్ద కబురైనా ఆ మిషన్ ఆగదు. కోచింగ్ సెంటర్ వాళ్లు దుకాణానికి వచ్చి వెళ్లారట, నీ మాట కోసం చూస్తున్నారట. అది చెప్పి, ఏం తింటున్నావే, నిద్ర పడుతోందా అని అడిగి పెట్టేసింది. మానెయ్యమని గానీ మానొద్దని గానీ ఒక్క ముక్క అనలేదు.

గురువారం లెక్చర్ రెండు గంటలు సాగింది. ముందురోజు సిద్ధాంతం మీద ఇంకో అంతస్తు కట్టింది పెద్ద మేడం. కట్టి, సుద్ద చేతులు దులుపుకుని, డస్టర్ అందుకుని, అలవాటు ప్రకారం బల్లకు ఆనుకుంది.

ఎవరూ అడగలేదు. ముందు వరస వాళ్లకు ఆ రోజు పాఠం కొరుకుడు పడలేదు కాబోలు, పుస్తకాల్లో తలలు దూర్చేశారు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. మేడం తొందరపడలేదు. ఆవిడ అలా నిలబడి ఉంటే, ఎవరినీ తప్పుపట్టడానికి కాక, నిజంగానే ఎవరో ఒకరు మాట్లాడితే వినాలని నిలబడినట్టు ఉంది. ఆ సంగతి లెక్కలపిల్లకు పదకొండో రోజున, ఆ రెండు నిమిషాల్లో తెలిసింది. ట్యూటర్ పక్క గోడ దగ్గర చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

ఆమె చెయ్యెత్తింది. ఎత్తాక దించుదామనుకుంది గానీ అప్పటికే మేడం చూసేసింది.

"చెప్పమ్మా."

లేచి నిలబడి, ముందురోజు గడి కట్టిన మాట గురించి అడిగింది. భవనం వెడల్పు ఒకే గది అయితే, ఆరు గదులున్నా, చుట్టి రావడం తనకు చేతకాలేదని చెప్పింది. కుదరదు అనడానికి ధైర్యం చాలక, చేతకాలేదు అంది. ముందు వరసలో ఒకడు వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు తనకు పాతదే కాబట్టి ఆమె కూర్చోలేదు.

మేడం బోర్డు వైపు తిరిగి ఆరు గళ్ల వరస గీసింది. మొదటి గదిలో వేలు పెట్టి, ఒక్కో గదీ దాటుకుంటూ వెళ్లి, ఆరో గదిలో ఆగింది. వేలు అక్కడే ఉంచి చాలాసేపు నిలబడింది. నవ్వినవాడు ముందుకు తిరిగి, తన పుస్తకంలో గళ్లు గీసుకోవడం మొదలుపెట్టాడు.

"ఇక్కణ్ణించి ఇంటికెలా వెళ్లాలి?" అంది మేడం, ఎవరినీ చూడకుండా. తర్వాత క్లాసు వైపు తిరిగింది. "పదకొండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. మొదటిరోజు మీ అందరికీ నేను చెప్పిన మాటేంటి? అన్నిటికన్నా చిన్న ఉదాహరణ ముందు చూడమని. నేనే చూడలేదు."

ఆ మాటలో సిగ్గు లేదు, కోపం లేదు. తాళంచెవి ఎక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తొచ్చింది అన్నట్టు చెప్పింది. లెక్కలపిల్లకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇలా కూడా చెప్పవచ్చా అనుకుంది. తప్పు దొరికినప్పుడు మనిషి ఇలా కూడా ఉండవచ్చా అనుకుంది. ఏడాదిగా గుండెలో ముల్లులా ఉన్నదేదో కాస్త కదిలినట్టయింది.

మేడం ఏదో గుర్తొచ్చి మళ్లీ ఆమెను చూసింది. "నిన్నటి నోట్సు రాసింది నువ్వే కదూ? అందులో ఈ సంగతి లేదే."

లెక్కలపిల్ల ట్యూటర్ వైపు చూడలేదు. చూస్తే చెప్పేస్తానని భయమేసింది. చెప్పడం ఎంత తేలిక, నేను రాశాను, ఆయన తీసేశారు, అంతే. అరవైమంది ముందు అతని పరువు గంగలో కలిసిపోతుంది. అందరిముందూ తలవంచుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"నాకే సరిగ్గా తేలలేదు మేడం," అంది.

మేడం తల ఊపి డస్టర్ ఎత్తబోయింది. అప్పుడు గోడ దగ్గరనుంచి గొంతు వినిపించింది.

"ఆవిడ రాశారు మేడం. బొమ్మతో సహా రాశారు. నేను తీసేశాను." ట్యూటర్ కట్టుకున్న చేతులు విప్పాడు. "నా థీసిస్ మొత్తం ఆ మాట మీదే నిలబడింది. నిన్న సాయంత్రంనుంచీ అది నిజం కాకపోతే బాగుండునని చూస్తున్నాను."

ఇస్త్రీ చొక్కా మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. మేడం అతన్ని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. సరే, ఇద్దరూ కూర్చుని చూడండి, రేపటి లెక్చర్ మీ ఇద్దరిదీ అని చెప్పి, బోర్డంతా తుడిచింది. ఆరు గళ్ల వరసను మాత్రం మూలన అలాగే ఉంచేసింది.

మధ్యాహ్నం ట్యూటోరియల్ గదిలో ఇద్దరూ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ముందుగా ఎవరు మాట్లాడాలో తెలియక కాసేపు పెన్నులు సర్దుకున్నారు. క్షమించండి అని అతను అన్నాడు, పర్లేదు సార్ అని ఆమె అంది. ఆ తంతు అయ్యాక పనిలో పడ్డారు. అతను కాగితం మీద అక్షరాలు, గుర్తులు రాస్తూ పోయాడు. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట పీలిక మిగిలి అడ్డం తిరిగింది. రెండు గంటలు అలా కొట్టుకున్నాక లెక్కలపిల్ల గళ్ల కాగితం అడిగింది, కత్తెర కూడా అడిగింది. అతను మొహమాటంగా ఆఫీసుకు వెళ్లి కత్తెర తెచ్చాడు.

ఆమె కాగితం మీద తొమ్మిది వరసల భవనం గీసింది. నాలుగో వరస దగ్గర కోసింది. ఎనిమిదో వరస దగ్గర కత్తెర పెట్టి ఆగింది. అక్క ఏం చేస్తుంది? చివర వేలెడు పీలిక మిగిలేలా ఉంటే అక్క ఆఖరి గీత మీద అసలు కత్తెరే పెట్టదు. ఆ పీలికను పక్క ముక్కలోనే ఉంచి కలిపి కత్తిరిస్తుంది, ఆ ముక్క కాస్త వెడల్పవుతుంది, అంతే. లెక్కలపిల్ల ఎనిమిదో వరస కింది గీత చెరిపేసింది.

"కొయ్యొద్దు సార్. నాలుగు, నాలుగు, ఒకటి కాదు. నాలుగు, అయిదు."

ట్యూటర్ ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. పీలికలో గదులు సరిసంఖ్య కాబట్టి దాని పొడవు సరిసంఖ్యే. కాబట్టి అయిదు వరసల ముక్కలోనూ గదులు సరిసంఖ్యే, వెడల్పుకు కొదవలేదు. పెన్సిల్‌తో చుట్టి చూశాడు. బయలుదేరిన గదికే వచ్చింది. ఇంకోసారి చుట్టి చూశాడు. ఆ తర్వాత అతను గడియారం చూసుకోలేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ఉన్న గళ్ల కాగితమంతా ముక్కలు చేశారు. పక్కన ఏ గదీ ఆసరా లేకుండా, తోకలా బయటికి పొడుచుకొచ్చిన పీలికకు మాత్రం మందు దొరకలేదు. దొరకదని కూడా తేలింది, ఆ తోక చివరి గదిలోకి వెళ్లినవాడు అదే దారిన తిరిగి రావాల్సిందే. తోకలు లేని భవనాలకే ఈ సిద్ధాంతం అని ఒక షరతు పెట్టక తప్పలేదు. పొద్దువాలే వేళకు బల్ల కింద కాగితపు పీలికలు కుప్పపడ్డాయి. ఇద్దరూ ఒంగి వాటిని ఏరుతుంటే, థీసిస్ కొంచెం చిన్నదయింది అన్నాడు అతను. కానీ ఇప్పుడు నిజమైంది కదా సార్ అంది ఆమె. అవునని అతను మొదటిసారి నవ్వాడు.

శుక్రవారం బోర్డు ముందు నిలబడినప్పుడు ఆమె చేతిలో సుద్దముక్క రెండుసార్లు విరిగింది. సగం పాఠం ట్యూటర్ చెప్పాడు, సగం ఆమె చెప్పింది. కోసే చోటు వచ్చినప్పుడు అతను పక్కకు జరిగి, మీరు చెప్పండి అన్నాడు. ఆమె ఎనిమిదో వరస కింద గీత గీసి, చెరిపేసింది. వెనక ఎవరో ఆహా అన్నారు. పాఠం అయ్యాక ఏం చెయ్యాలో తోచక డస్టర్ అందుకుంది. అందుకున్నాక ఆ హాలు అలవాటు గుర్తొచ్చింది. బల్లకు ఆనుకుని నిలబడింది.

చెయ్యెత్తింది పెద్ద మేడం. వెనకనుంచి రెండో వరసలో, గోడపక్క కుర్చీలో కూర్చుని ఉంది.

"ఈ పద్ధతి నువ్వెక్కడ చూశావమ్మా? ఏదైనా పేపర్‌లోనా?"

"లేదు మేడం. మా అక్క దర్జీ. ఆవిడ కత్తిరింపు బల్ల దగ్గర."

కొందరు నవ్వారు. మంచి నవ్వే. మేడం నవ్వలేదు, చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంది.

సాయంత్రం నోటీసు బోర్డు మీద కొత్త నోట్సు అంటించారు. మొదటి పేజీలో ఆమె గీసిన పీలిక బొమ్మ ఉంది, ఆమె చేత్తో రాసిన వాక్యం రాసినట్టే ఉంది. బుధవారం కాగితాన్ని ట్యూటర్ పారెయ్యలేదు, సొరుగులోనే దాచి ఉంచాడు. ఆఖరి పేజీ అడుగున ఇంకో వాక్యం చేరింది. అది పెద్ద మేడం రాయించింది. లెక్కలపిల్ల అక్కడే, నోటీసు బోర్డు ముందే నిలబడి అక్కకు ఫోన్ చేసింది. అవతల మిషన్ టకటకలాడుతోంది.

"అక్కా, ఒకటి చదువుతాను విను. 'పీలికను పక్క ముక్కతో కలిపి కత్తిరించాలని మాకు నేర్పిన దర్జీకి కృతజ్ఞతలు.' ఇక్కడ అచ్చులో వేశారు. నీ గురించే."

మిషన్ ఆగింది. లెక్కలపిల్లకు ఊహ తెలిసినప్పటినుంచీ ఫోన్ మాట్లాడుతుండగా అక్క మిషన్ ఆగడం అదే మొదలు.

"ఇంకోసారి చదువు," అంది అక్క.

మళ్లీ చదివింది, ఈసారి మెల్లగా. అక్క ముక్కు చీదుకోవడం వినిపించింది. పక్కనే ఉన్న బావ ఏమైందేమైందని కంగారుగా అడుగుతుంటే, ఏం కాలేదు, నువ్వుండు అని కసిరింది. కాసేపటికి గొంతు సవరించుకుని, కోచింగ్ సెంటర్ వాళ్లు ఇందాకటినుంచీ గుమ్మంలో కూర్చుని ఉన్నారే, ఏం చెప్పమంటావు అని అడిగింది.

"రానని చెప్పు అక్కా."

"సరే," అంది అక్క, ఎప్పటినుంచో తెలిసిన మాటకు చెప్పినట్టు. మిషన్ మళ్లీ మొదలైంది.